తెలుగు అనువర్తనానికి ఏ స్థానికీకరణ ఫ్రేమ్‌వర్క్? గెట్‌టెక్స్ట్, ఐసీయూ, ఫ్లూయెంట్‌ల పోలిక

వరంగల్‌లో ఒక బృందం అనువర్తనం తయారు చేస్తోందంటే, అది ఏనుమాముల మార్కెట్ యార్డుకు మిర్చి తెచ్చే రైతు కోసమైనా, ఆసుపత్రిలో చీటీ రాయించుకునే రోగి కోసమైనా, దాన్ని తెలుగులో చూపవలసిన అవసరం మొదటి రోజు నుంచే ఉంటుంది. స్థానికీకరణ అనే ఆ పని చేసిపెట్టే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ (ఎవరైనా వాడుకుని మార్చుకోగలిగేది) ఇప్పటికే చాలా ఉంది. వాటి గురించి ఇంగ్లీషులో దొరికే పోలికలు ఎక్కువగా వేగం, ఫైలు పరిమాణం, ఏ ప్రోగ్రామింగ్ భాషలో వాడవచ్చు అనే లెక్కలకే పరిమితమవుతాయి. పేరు చివరి అచ్చును బట్టి విభక్తి ప్రత్యయం మారే భాషకు, మనుషులను ఒక తీరుగా, వస్తువులను మరో తీరుగా లెక్కపెట్టే భాషకు ఏది అనుకూలమో అక్కడ దొరకదు. తెలుగు బృందం నిర్ణయం తీసుకోవలసింది ప్రధానంగా ఆ విషయం మీదే అని నా అభిప్రాయం.

ముందుగా రెండు పొరలను విడదీసి చూడాలి. అనువర్తనం నడుస్తున్నప్పుడు లోపలి నుంచి సరైన తెలుగు వాక్యాన్ని ఎంచి తెరపైకి పంపే లైబ్రరీ (కోడులో కలుపుకునే సిద్ధ సాధనం), దాని ఫైలు రూపం మొదటి పొర. గెట్‌టెక్స్ట్, ఐసీయూ మెసేజ్‌ఫార్మాట్, ఫ్లూయెంట్, ఐ18నెక్స్ట్ ఈ కోవకు చెందుతాయి, ఫ్రేమ్‌వర్క్ అని ఇక్కడ వీటినే అంటున్నాను. అనువాదకులు కూర్చుని పనిచేసే వేదిక రెండో పొర. వెబ్‌లేట్, పొంటూన్, టోల్జీ వంటివి, సొంత కంప్యూటర్‌లో నడిచే పోఎడిట్, లోకలైజ్ వంటివి అందులోకి వస్తాయి. మొదటి పొరను మధ్యలో మార్చాలంటే కోడులో వాక్యం ఉన్న ప్రతి చోటునూ మళ్లీ ముట్టుకోవాలి. రెండో పొరను ఏడాది తర్వాత మార్చినా, ఫైళ్లు మన చేతిలోనే ఉంటాయి కాబట్టి నష్టం తక్కువ. అందుచేత ఆలోచన ఎక్కువగా మొదటిదాని మీద పెట్టాలి.

తెలుగు వాక్యం ఏమి కోరుతుంది

పంటల ధరలు చూపే అనువర్తనంలో “నేడు ఈ పంటకు క్వింటాలుకు ఇంత ధర పలికింది” అనే వాక్యం ఉందనుకుందాం. ప్రోగ్రామర్ పంట పేరును వేరియబుల్‌గా, అంటే విలువ మారుతుండే ఖాళీ చోటుగా ఉంచి, దాని పక్కన “కి” అని రాస్తారు. పత్తి, మిర్చి వచ్చినంత సేపు పత్తికి, మిర్చికి అని సక్రమంగానే కనిపిస్తుంది. పసుపు వచ్చేసరికి “పసుపుకు” కావాలి. మన ప్రాంతంలో మొక్కజొన్నను మక్కలు అని, ధాన్యాన్ని వడ్లు అని అంటాం కాబట్టి ఆ పేర్లే జాబితాలో పెడితే తెరపై “మక్కలుకి”, “వడ్లుకి” అని వస్తుంది. ఉండవలసినవి మక్కలకు, వడ్లకు. ఇక్కడ ప్రత్యయం మాత్రమే కాదు, పేరు చివరి “లు” కూడా “ల”గా మారింది. అంటే వేరియబుల్ పక్కన ఏ ప్రత్యయం తగిలించినా ఈ పేర్లకు వాక్యం కుదరదు.

ఊళ్ల పేర్లలో చిక్కు మరో రకంగా ఉంటుంది. భూపాలపల్లికి, పెద్దపల్లికి అంటాం. ములుగుకు, జనగామకు అంటాం. “లో”, “నుంచి”, “తో” వంటివి మాత్రం ఊరి పేరు ఏదైనా మారకుండా నిలుస్తాయి. అందువల్ల ఊరి పేరును వేరియబుల్‌గా ఉంచిన వాక్యాలను వీలైనంత వరకు ఈ ప్రత్యయాలతోనే రాసుకోవడం మేలు. దీనితో పాటు పొల్లుతో ముగిసే పేర్ల విషయం ఉంది. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్, మహబూబాబాద్ అన్నీ పొల్లుతోనే ముగుస్తాయి. వేరియబుల్ వెంటనే “కు” రాస్తే కంప్యూటర్ రెండు హల్లులనూ కలిపి “కరీంనగర్కు” అని ఒత్తు పెట్టి చూపుతుంది. వేరియబుల్‌కు, ప్రత్యయానికి మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని యూనికోడ్ అక్షరాన్ని ఉంచితే “కరీంనగర్‌కు” అని స్పష్టంగా వస్తుంది. అచ్చుతో ముగిసే పేర్ల తర్వాత అది ఉన్నా తెరపై తేడా ఏమీ కనిపించదు. ఏ ఫ్రేమ్‌వర్క్ తీసుకున్నా ఈ పనిని తనంతట తాను చేయదు, అనువాదకులే గుర్తుంచుకుని చేయాలి.

ఇక లెక్క. యూనికోడ్ వారి సీఎల్‌డీఆర్ అనే భాషా నియమాల సమాచార కోశం ప్రకారం తెలుగుకు రెండే వచన వర్గాలు ఉన్నాయి: సంఖ్య 1 అయితే ఏకవచనం, మిగిలిన అన్నిటికీ బహువచనం. హిందీలో సున్నా కూడా ఏకవచన వర్గంలోకే వెళుతుంది. కాబట్టి హిందీ ఫైలు నుంచి నియమాన్ని నకలు చేసుకుంటే “0 బస్తా” అని వస్తుంది, మనకు కావలసింది “0 బస్తాలు”. ఈ రెండు వర్గాలు వస్తువులకు చాలు. మనుషులకు చాలవు. ఇద్దరు రైతులు, ముగ్గురు రైతులు, నలుగురు రైతులు అని ఏడుగురి దాకా ఒక తీరు, ఎనిమిది మంది నుంచి మరో తీరు. “2 రైతులు” అని చూపినా అర్థమవుతుంది కానీ, చదివేవారికి ఆ అనువర్తనం తమ కోసం రాసినట్టు అనిపించదు.

స్త్రీ పురుష భేదం గురించి ఇంగ్లీషు మార్గదర్శకాలు చాలా రాస్తాయి. తెలుగులో గౌరవ బహువచనం వాడితే “సందేశం పంపారు” అనే ఒక్క రూపం అందరికీ సరిపోతుంది కాబట్టి దాని మీద ఇక్కడ సమయం పెట్టను.

గెట్‌టెక్స్ట్

ఈ పద్ధతి 1990ల ఆరంభంలో సన్ మైక్రోసిస్టమ్స్‌లో రూపుదిద్దుకుంది. గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు దానికి చేసిన అమలు 1995లో వచ్చింది. గ్నోమ్, కేడీఈ డెస్క్‌టాప్‌లు, జాంగో, వర్డ్‌ప్రెస్ ఈనాటికీ దీని మీదే నడుస్తున్నాయి. కోడులో ఇంగ్లీషు వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టే రాసి ఒక ఫంక్షన్‌లో చుడతారు. ఒక పరికరం ఆ వాక్యాలన్నిటినీ ఏరి పీఓటీ అనే మూస ఫైలు తయారు చేస్తుంది. ప్రతి భాషకూ దాని నుంచి ఒక పీఓ ఫైలు పుడుతుంది, అనువాదం పూర్తయ్యాక అది ఎంఓ అనే బైనరీ రూపంలోకి మారుతుంది.

దీనిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది మూల వాక్యం మారినప్పుడు అది ప్రవర్తించే తీరు. ఇంగ్లీషు వాక్యాన్ని సవరించగానే, పాత తెలుగు అనువాదాన్ని పారేయకుండా, దాని మీద “ఫజీ” అనే గుర్తు వేసి అనువాదకుల ముందు పెడుతుంది. వారు సరిచూసి గుర్తు తీసేసే వరకు ఆ అనువాదం వాడుకరికి చేరదు, ఆ చోట ఇంగ్లీషే కనిపిస్తుంది. ధరల విషయంలోనో, మందుల మోతాదు విషయంలోనో పాత అర్థం తెలుగులో మిగిలిపోవడం కంటే ఇంగ్లీషు కనిపించడమే మేలు కదా. మిగిలిన ఫ్రేమ్‌వర్క్‌లలో ఈ రక్షణ లైబ్రరీలో ఉండదు, వేదిక నుంచో క్రమశిక్షణ నుంచో రావాలి.

పీఓ ఫైలు మామూలు పాఠ్యం. దాన్ని ఈమెయిలులో పంపవచ్చు, నెట్ లేని చోట పోఎడిట్‌లో తెరిచి పని చేసుకోవచ్చు. ఒక కళాశాల బృందం సెలవుల్లో ఊళ్లకు వెళ్లి తలా కొంత అనువదించి తెచ్చి కలపాలంటే దీనికి మించిన రూపం లేదు. ఏ వాక్యం కోడులో ఎక్కడ ఉందో, ప్రోగ్రామర్ అనువాదకులకు రాసిన వివరణ ఏమిటో ఆ ఫైలులోనే వాక్యం పైన ఉంటాయి.

లోపాలు కూడా గట్టివే. వచనం విషయంలో తెలుగుకు అందరూ వాడే రెండు రూపాల సూత్రంతో “ఇద్దరు” అని రాయడానికి చోటు లేదు. ఫైలు తలభాగంలోని సూత్రాన్ని మార్చి ఎక్కువ రూపాలు పెట్టుకోవచ్చు కానీ, అప్పుడు బస్తాల గురించిన ప్రతి వాక్యానికీ అన్ని రూపాలూ నింపాలి, వేదికలు కూడా ఆ సూత్రాన్ని తప్పుగా ఎత్తిచూపుతాయి. ఒకే వాక్యంలో రెండు లెక్కలు ఉంటే, అంటే “ముగ్గురు రైతులు 12 బస్తాలు తెచ్చారు” వంటి చోట, ఒక్క సంఖ్యకే వచనం చూస్తుంది. విభక్తి విషయంలో ఏ సాయమూ లేదు. ఒకే ఇంగ్లీషు మాట బటన్ మీద ఆజ్ఞగానూ, పక్కన స్థితిని తెలిపేదిగానూ వస్తే, ప్రోగ్రామర్ సందర్భాన్ని విడిగా జోడించకపోతే రెండు చోట్లా ఒకే తెలుగు రూపం పడుతుంది. వేరియబుల్స్‌కు పేర్లు పెట్టడం కూడా తప్పనిసరి అనుకోవాలి. తెలుగులో క్రియ చివరికి వెళుతుంది కాబట్టి పదాల క్రమం తారుమారవుతుంది, పేరో వరుస సంఖ్యో లేని వేరియబుల్స్‌ను అనువాదకులు అటూ ఇటూ జరపలేరు.

ఐసీయూ మెసేజ్‌ఫార్మాట్

ఐబీఎంలో పెరిగి, 2016 నుంచి యూనికోడ్ కన్సార్టియం నిర్వహణలో ఉన్న ఐసీయూ లైబ్రరీలో భాగం ఇది. వాక్యం లోపలే మీసాల బ్రాకెట్లలో షరతులు రాస్తారు: సంఖ్య 1 అయితే ఈ రూపం, సరిగ్గా 2 అయితే ఈ రూపం, మిగిలినవాటికి ఈ రూపం అని. “సరిగ్గా 2” అనే ఈ వెసులుబాటే తెలుగుకు కావలసింది. ఇద్దరు నుంచి ఏడుగురి దాకా ఆరు రూపాలు రాసి, తక్కినవాటికి “మంది” పెట్టుకుంటే మనుషుల లెక్క పూర్తిగా కుదురుతుంది. ఒక షరతులో మరో షరతు ఇమడ్చవచ్చు కాబట్టి రైతులు, బస్తాలు రెండూ ఉన్న వాక్యం కూడా వస్తుంది. సంఖ్యలను 1,25,000 అని మన పద్ధతిలో విడదీసి చూపడం, నెలల పేర్లు తెలుగులో రాయడం దీనితోనే వస్తాయి.

విభక్తికి కూడా దారి ఉంది. పంట సంకేతాన్ని షరతుగా పెట్టి, పత్తి అయితే “పత్తికి”, వడ్లు అయితే “వడ్లకు” అని ప్రతి పంటకూ పూర్తి రూపం రాయవచ్చు. పది పంటలకు అది భరించదగిన శ్రమ. మూడు వందల ఊళ్ల పేర్లకు కాదు.

ఆండ్రాయిడ్ వాడేవారు ఒక ఉచ్చు గురించి తెలుసుకోవాలి. ఆండ్రాయిడ్ సొంత స్ట్రింగ్ ఫైలులో వచన వర్గాల జాబితాలో “రెండు” అనే పేరుతో ఒక వర్గం కనిపిస్తుంది. అందులో “ఇద్దరు రైతులు” అని రాస్తే సరిపోతుందని అనుకోవడం సహజం. కానీ ఆ వర్గం అరబిక్ వంటి ద్వివచనం ఉన్న భాషలకే పనిచేస్తుంది. తెలుగులో ఆ గడిలో ఏమి రాసినా అది ఎన్నడూ తెరపైకి రాదు. సరిగ్గా 2 అని అడగాలంటే ఆండ్రాయిడ్ 7 నుంచి వ్యవస్థలోనే ఉన్న ఐసీయూ తరగతులను నేరుగా పిలవాలి. ఫోన్ అనువర్తనాల తయారీకి వాడే ఫ్లట్టర్, ఏఆర్‌బీ అనే తన వాక్యాల ఫైళ్లలో ఐసీయూ రాతను తీసుకుంటుంది కానీ దానిలో ఒక భాగాన్నే అమలు చేస్తుంది, అందుచేత మనుషుల లెక్క వాక్యాన్ని మొదటే పరీక్షించి చూడడం అవసరం.

దీని బలహీనత అనువాదకుల వైపు ఉంది. బ్రాకెట్ల లోపల బ్రాకెట్లు ఉన్న వాక్యాన్ని తెలుగు ఉపాధ్యాయులకో, యార్డులో పనిచేసే గుమాస్తాకో ఇస్తే, భాష ఎంత బాగా వచ్చినా ఒక బ్రాకెట్ జారిపోవడం ఖాయం. వాక్యాన్ని సరిచూసే వేదిక లేకుండా ఐసీయూ ఫైళ్లను ప్రోగ్రామర్లు కాని వారి చేతికి ఇవ్వకూడదు. దీనికి వారసుడిగా మెసేజ్‌ఫార్మాట్ 2 వచ్చింది. 2025 మార్చిలో సీఎల్‌డీఆర్ 47తో దాని ప్రమాణం స్థిరపడింది. రాత చాలా శుభ్రంగా ఉంది, కానీ లైబ్రరీలు, వేదికలు దానికి అలవాటు పడడానికి సమయం పడుతుంది కాబట్టి ఈ ఏడాది జనంలోకి వెళ్లవలసిన అనువర్తనానికి దాన్ని సూచించను.

ఫ్లూయెంట్

మొజిల్లా సంస్థ ఫైర్‌ఫాక్స్ కోసం తయారు చేసుకున్న పద్ధతి ఇది. దీని రాత నియమాల 1.0 రూపం 2019లో వెలువడింది. అనువాదకులకు కోడు మీద ఆధారపడని స్వేచ్ఛ ఇవ్వాలన్నది దీని మూల ఆలోచన. ఇంగ్లీషు వాక్యం సాదాగా ఉన్నా, తెలుగు అనువాదకులు తమకు అవసరమైతే అందులో షరతులు పెట్టుకోవచ్చు, ప్రోగ్రామర్‌ను అడగవలసిన పని లేదు. ఇంగ్లీషులో “రైతులు” అనే ఒకే రూపం ఉన్న చోట తెలుగు ఫైలులో మాత్రమే ఇద్దరు, ముగ్గురు అని విడగొట్టవచ్చు, సంఖ్య వేరియబుల్‌గా అందుతుంటే చాలు. ఐసీయూలోనూ ఇది సాధ్యమే అయినా, ఫ్లూయెంట్‌లో షరతులు వరుస వరుసగా, ఒక్కో పంక్తిలో ఒక్కటిగా ఉంటాయి కాబట్టి కొద్దిపాటి శిక్షణతో ఎవరైనా చదవగలరు.

విభక్తికి ఫ్లూయెంట్‌లో “టర్మ్” అనే ఏర్పాటు ఉంది. ఒక పేరుకు ప్రథమా రూపం, “కు” చేరిన రూపం, “లో” చేరిన రూపం ఒకేచోట రాసి, వాక్యంలో ఏది కావాలో అడగవచ్చు. అనువర్తనం పేరు, సంస్థ పేరు వంటివాటికి ఇది చక్కగా అమరుతుంది. అయితే టర్మ్‌ను వాక్యంలో నేరుగా పేరుతో పిలవాలి, నడుస్తున్నప్పుడు వచ్చే వేరియబుల్ విలువను బట్టి ఏ టర్మ్ కావాలో ఎంచుకోవడం దానికి రాదు. అందుచేత పంటల పేర్ల సమస్యకు ఇక్కడ కూడా షరతుల జాబితానే గతి. ఫ్లూయెంట్ తెలుగు విభక్తులను పూర్తిగా పరిష్కరిస్తుందని ఆశించి దాన్ని ఎంచుకున్న బృందం ఈ హద్దు దగ్గర ఆగిపోతుంది.

మొజిల్లా నిర్వహించే ఫ్లూయెంట్ అమలు జావాస్క్రిప్ట్, పైథాన్, రస్ట్ భాషల్లో ఉంది. ఫైర్‌ఫాక్స్ ఆండ్రాయిడ్ రూపం కూడా ఆండ్రాయిడ్ సొంత స్ట్రింగ్ ఫైళ్లనే వాడుతుంది, కనుక ఫోన్ అనువర్తనాలకు దీన్ని తీసుకోవడం కష్టమార్గం. మూల వాక్యం అర్థం మారితే ఆ వాక్యపు గుర్తింపు పేరును కూడా మార్చాలన్నది ఇక్కడి నియమం. ఆ క్రమశిక్షణ బృందంలో అందరూ పాటించాలి, లేకపోతే పాత అనువాదం అలాగే మిగిలిపోతుంది. ఒక వాక్యంలో తప్పు ఉంటే ఆ ఒక్క వాక్యమే తదుపరి భాషకు మళ్లుతుంది, మిగతా తెర తెలుగులోనే ఉంటుంది.

ఐ18నెక్స్ట్ గురించి ఒక మాట చాలు. వెబ్ తెరలు కట్టే రియాక్ట్ లైబ్రరీ వాడే బృందాలు ఎక్కువగా దీనితోనే మొదలుపెడతాయి. జేసన్ ఫైళ్లు తేలికగా ఉంటాయి. వచనానికి బ్రౌజర్‌లోని సీఎల్‌డీఆర్ వర్గాలనే వాడుతుంది కాబట్టి మనుషుల లెక్క రాదు. ఇప్పటికే వాడుతున్నవారు వదిలేయనవసరం లేదు, దానికి ఐసీయూ ప్లగిన్ జోడించుకుంటే ఆ లోటు తీరుతుంది.

అనువాదకుల వేదిక

వేదికల్లో నేను మొదట చెప్పేది వెబ్‌లేట్. 2012లో మొదలైన ఈ సాఫ్ట్‌వేర్ జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద ఉంది. లిబ్రేఆఫీస్, ఫెడోరా తమ అనువాదాలను దీని మీదే నడుపుతున్నాయి. ఇది కోడులో ప్రతి మార్పునూ నమోదు చేసే గిట్ భాండాగారానికి నేరుగా కలుస్తుంది. అనువాదకులు బ్రౌజర్‌లో వాక్యం రాస్తే, వారి పేరుతోనే కమిట్, అంటే మార్పు నమోదు, తయారవుతుంది. పైన చెప్పిన పీఓ, ఆండ్రాయిడ్, ఏఆర్‌బీ, జేసన్ రూపాలన్నిటినీ చదువుతుంది. వేరియబుల్ జారిపోయినా, ఐసీయూ బ్రాకెట్ తెగిపోయినా అక్కడికక్కడే హెచ్చరిస్తుంది.

వెబ్‌లేట్‌లోని పదకోశం మన ప్రాంతపు పనికి ప్రత్యేకంగా ఉపయోగపడుతుంది. యార్డు అనువర్తనంలో అడ్తి, తక్‌పట్టీ, దడ్వాయి, హమాలీ, లాటు వంటి మాటలు ఉంటాయి. నిఘంటువు చూసి వాటికి కొత్త మాటలు కల్పిస్తే యార్డులో ఎవరికీ అర్థం కాదు. ఆ మాటలను మొదటే పదకోశంలో చేర్చి, మక్కలు అనాలా మొక్కజొన్న అనాలా అన్నది కూడా అక్కడే తేల్చుకుంటే, తర్వాత వచ్చే ప్రతి అనువాదకుడికీ ఆ వాక్యం పక్కనే ఆ మాట కనిపిస్తుంది. అనువాదం ఎవరైనా సూచించవచ్చు, ఆమోదించేది మాత్రం నియమించినవారే అనే ఏర్పాటు కూడా ఉంది. ఆమోదించే ఆ స్థానంలో ప్రోగ్రామర్‌ను కాక, యార్డు పని తెలిసిన మనిషిని కూర్చోబెట్టమని గట్టిగా చెబుతాను.

సొంత సర్వర్‌పై వెబ్‌లేట్ నడపడం చిన్న బృందానికి బరువే. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, రెడిస్ అనే డేటాబేస్‌లు రెండూ కావాలి, నేపథ్యంలో నడిచే పనులకు తగినంత మెమరీ కావాలి, నెలనెలా కొత్త రూపాలకు మారుతుండాలి. స్వేచ్ఛా లైసెన్సు ఉన్న ప్రాజెక్టులకు వెబ్‌లేట్ వారే తమ సర్వర్‌పై ఉచితంగా చోటిస్తారు. కోడును బహిరంగంగా ఉంచగలిగిన బృందం ఆ దారినే పోవడం మంచిది.

ఫ్లూయెంట్ ఎంచుకున్నవారికి మాత్రం పొంటూన్ మెరుగు, ఎందుకంటే ఫ్లూయెంట్ షరతులను విడివిడి గడులుగా చూపగలిగేది అదే. మొజిల్లా తన అవసరాలకు అనుగుణంగా మలచుకున్న వేదిక కావడంతో వేరేవారు నెలకొల్పుకోవడానికి శ్రమ పడాలి. వెబ్ పుటలోనే అక్షరాల మీద ఆల్ట్ మీట పట్టి క్లిక్ చేసి అనువదించాలంటే టోల్జీ ఉంది, ఏ వాక్యం ఎక్కడ కనిపిస్తుందో తెలియక తికమకపడే అనువాదకులకు అది మంచి సాయం. పాత మార్గదర్శకాల్లో పూటిల్, జనాటా పేర్లు కనిపిస్తాయి. వాటి అభివృద్ధి నిలిచిపోయింది కాబట్టి కొత్త పని వాటిపై మొదలుపెట్టకూడదు.

ఉర్దూ, గోండి కూడా కావలసినప్పుడు

తెలంగాణలో ఉర్దూ రెండో అధికార భాష. ఉర్దూ వాక్యంలో తెలుగు ఊరి పేరో, ఫోన్ నంబరో వేరియబుల్‌గా వస్తే, కుడి నుంచి ఎడమకు నడిచే వరుసలో అంకెలు, విరామ చిహ్నాలు చోటు తప్పుతాయి. ఫ్లూయెంట్ ప్రతి వేరియబుల్ చుట్టూ దిశను వేరుచేసే కనిపించని అక్షరాలను తానే ఉంచుతుంది. గెట్‌టెక్స్ట్, ఐసీయూలలో ఆ పని ప్రోగ్రామర్ చేయాలి. ఉర్దూ ఖాయంగా కావలసిన వెబ్ అనువర్తనానికి ఇది ఫ్లూయెంట్ వైపు మొగ్గడానికి నిజమైన కారణం.

ఆదిలాబాద్ వైపు గోండి కోసం పని చేసేవారికి గెట్‌టెక్స్ట్ అనుకూలం. ఐసీయూ, ఫ్లూయెంట్ రెండూ వచన నియమాల కోసం సీఎల్‌డీఆర్ మీద ఆధారపడతాయి. అక్కడ సమాచారం నిండుగా లేని భాషకు అవి మొత్తం మీద ఒకే రూపం చూపుతాయి. గెట్‌టెక్స్ట్‌లో నియమం పీఓ ఫైలు తలభాగంలోనే ఉంటుంది కాబట్టి, భాష తెలిసినవారే దాన్ని రాసుకోవచ్చు, ఎవరి అనుమతి కోసమూ ఆగనక్కరలేదు. గుంజాల గోండి లిపిని 2018లో యూనికోడ్ 11లో చేర్చారు. ఆ అక్షరాలు యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతిలో) నాలుగేసి బైట్లు తీసుకుంటాయి, తెలుగు అక్షరాలకు మూడే చాలు. మైఎస్‌క్యూఎల్‌లో పాత మూడు బైట్ల యూటీఎఫ్-8 అమరికతో నడుస్తున్న డేటాబేస్ తెలుగును ఏ ఇబ్బందీ లేకుండా దాచి, గుంజాల లిపి దగ్గర మాత్రం విఫలమవుతుంది. కాబట్టి నాలుగు బైట్ల అమరికను మొదటి రోజే పెట్టుకోవాలి.

ఎవరికి ఏది

జాంగో, పీహెచ్‌పీ వంటి వాటితో సర్వర్ వైపు తయారయ్యే వెబ్‌సైటు, పరిమితమైన వాక్యాలు, స్వచ్ఛందంగా పనిచేసే విద్యార్థి అనువాదకులు ఉన్న చోట గెట్‌టెక్స్ట్, వెబ్‌లేట్ జంటను ఎంచుకోవాలి. ఎన్ఐటీలోనో కాకతీయ విశ్వవిద్యాలయంలోనో ఒక తరం విద్యార్థులు వెళ్లిపోయి మరో తరం వచ్చినా ఈ జంటపై పని ఆగదు. “ఇద్దరు” రాని లోటును “రైతుల సంఖ్య: 2” అని వాక్యాన్ని తిరగరాసి సర్దుకోవాలి. అది అంత అందంగా ఉండదు, కానీ తప్పు మాత్రం కాదు.

ఫోన్ అనువర్తనమైతే ఐసీయూ తప్ప వేరే ఆలోచన అక్కరలేదు, వేదికగా వెబ్‌లేట్ దానికీ సరిపోతుంది. తెర నిండా పూర్తి వాక్యాలతో వాడుకరిని పలకరించే జావాస్క్రిప్ట్ అనువర్తనానికి, ముఖ్యంగా ఉర్దూ కూడా ఉంటే, ఫ్లూయెంట్‌కు పెట్టిన శ్రమ తిరిగి వస్తుంది. కేవలం బటన్లు, పట్టికలు ఉన్న లోపలి కార్యాలయపు సాఫ్ట్‌వేర్‌కు ఇవేవీ అంతగా తేడా చూపవు, బృందానికి అలవాటైనదే వాడుకోవచ్చు.

రైతులకు ఎస్ఎంఎస్ పంపే భాగం ఉంటే, అది ఈ ఎంపికకు వెలుపల ఉంటుందని ముందే గ్రహించాలి. మన దేశంలో సందేశపు మూసను ముందుగా టెలికాం సంస్థల డీఎల్‌టీ అనే నమోదు వేదికపై నమోదు చేయించాలి, అందులో వేరియబుల్‌కు చోటు ఉంటుంది కానీ షరతుకు ఉండదు. ఏ ఫ్రేమ్‌వర్క్ ఇచ్చిన తెలివీ అక్కడ పనికి రాదు. “పంట: వడ్లు. ధర: క్వింటాలుకు ఇంత” అన్నట్టుగా, ప్రత్యయం తగలని వాక్యాలే నమోదు చేయించాలి. ఒకే భాగంగా వెళ్లే తెలుగు సందేశంలో 70 అక్షరాలే పడతాయి, ఇంగ్లీషులో 160. గుణింతపు గుర్తు, పొల్లు కూడా ఆ 70లో విడివిడిగా లెక్కకు వస్తాయి కాబట్టి మూస రాసేటప్పుడే లెక్కపెట్టుకోవాలి.

నిర్ణయానికి ముందు, అనుకున్న ఫ్రేమ్‌వర్క్‌లో ఒక పూట కూర్చుని కొన్ని కఠినమైన వాక్యాలను రాసి చూడండి: వడ్లు, పసుపు, పత్తి మూడింటికీ కుదిరే ధర వాక్యం, సున్నా బస్తాలు, ఒక బస్తా, ఇద్దరు రైతులు, ఎనిమిది మంది రైతులు, రైతులూ బస్తాలూ కలిసిన వాక్యం, కరీంనగర్, పెద్దపల్లి రెండింటికీ సరిపడే “కు”, “కి” వాక్యం, 1,25,000 రూపాయలు. ఆ ఫైలును ప్రోగ్రామింగ్ తెలియని ఒక తెలుగు చదువరికి ఇచ్చి ఒక వాక్యాన్ని సవరించమనండి. తర్వాత ఆ తెరను తక్కువ ధర ఫోన్‌లో తెరిచి, బటన్ల మీద కింది ఒత్తులు, పై గుడులు తెగిపోతున్నాయేమో చూడండి. ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకు కొలిచి పెట్టిన బటన్‌లో తెలుగు పట్టదు, ఆ ఎత్తును డిజైన్ దశలోనే పెంచి పెట్టుకోవాలి.